ఎదుటివాళ్ల పేజీ

మా కాలేజీ టైపిస్టు సారంగపాణి నోట్లో నాలుక లేని మనిషి. హన్మకొండలో బట్టల దుకాణం వాళ్ల పిల్లగాడు. అలాంటివాడు డెబ్బై మూడులో ‘పెద్దల మాట’ అని నాలుగు పేజీల పత్రిక పెట్టాడు. తనే స్టెన్సిల్ కొట్టి, సైక్లోస్టైల్ యంత్రం తిప్పి, లైబ్రరీలో లైబ్రేరియన్నైన నా బల్ల మీద పెట్టేవాడు. కావలసినవాళ్లు ఊరికే తీసుకుపోవచ్చు. సమ్మెలొద్దు, పరీక్షలు ఆపొద్దు, గుడినీ గురువునీ మరవొద్దు, ఎప్పుడూ ఇదే పాట. ఎర్రజెండా పిల్లలతో నిండిన కాలేజీలో ఏటికి ఎదురీతే. నాకు చాదస్తమనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది.

కానీ వెనక పేజీ మాత్రం తనతో ఒప్పుకోనివాళ్లకు వదిలేశాడు. వాళ్లు రాసి నా సొరుగులో వేస్తే అక్షరం మార్చకుండా అచ్చేసేవాడు. ఎవరూ రాయకపోతే తెల్లకాగితమే. తొర్రూరు నుంచి వచ్చిన మొగిలి అనే విద్యార్థి నాయకుడు ప్రతిసారీ దుమ్ము దులిపేవాడు. ఆ తిట్లన్నీ సారంగపాణి కళ్లద్దాలు తుడుచుకుంటూ టైపు చేసేవాడు.

ఎమర్జెన్సీలో అధికారులు పత్రికను ముందుగా తమకు చూపించి వేయమన్నారు. చూసి, మూడు పేజీలు బాగున్నాయి, వెనకది తీసెయ్యమన్నారు. ఆయన పత్రికే ఆపేశాడు. మళ్లీ తెచ్చింది డెబ్బై ఏడులోనే.

ఎనభైలు వచ్చేసరికి కాలేజీలో మాటలు పోయి కర్రలు లేచాయి. మొగిలి ఎటు పోయాడో తెలియదు. నా సొరుగులో కాగితాలు పడటం ఆగిపోయింది. పత్రికను మెచ్చే పిల్లలు వచ్చి, “ఆ పేజీల గూడ మనదే రాద్దాం సార్” అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. వెనక పేజీ తెల్లగానే పోయేది, ఏళ్ల తరబడి.

ఎనభై అయిదులో ఒకరోజు సొరుగులో వెనక పేజీ కోసం రాసిన కాగితం కనిపించింది. చూడగానే చేతిరాత గుర్తుపట్టాను.

“ఇది నీ రాతే గద పాణీ?”

“ఎవలూ రాస్తలేరన్నా. ఖాళీగ పోతే అందరు నాతోని ఒప్పుకున్నట్టయితది.”

చదివాను. ‘పన్నెండేండ్ల సంది పెద్దల మాట వినుమంటున్నవు. ఇన్నేండ్లల్ల పిల్లల మాట ఏ పెద్దమనిషి విన్నడు?’ అని ఉంది.

“మరి దీనికేం జవాబిస్తవ్?”

“మూడు దినాల సంది కూసున్న. దొరుకుతలేదు.”

నాకు జాలేసింది. “నువ్వు విన్నవు గద. మొగిలి రాసిందంత అచ్చేసినవ్.”

“అచ్చేసిన,” అన్నాడు అలసటగా. “వినలేదన్నా.”

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సుకు పోయాడు. పత్రిక మళ్లీ రాలేదు.