మలంచా ఇంటి ధర

మా పక్క గదిలో ఉండే అత్త కిందటి మంగళవారం తెల్లవారుజామున చనిపోయింది. రైల్వే ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసి, "మీ మనిషేనా?" అని అడిగింది. అవునన్నాను. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. ఆసుపత్రిలో చేరేటప్పుడు దగ్గరివాళ్ళ పేరు చెప్పమంటే ఆవిడ నా పేరు రాయించింది. రాయించవలసిన మనిషి వేరే ఉంది, రెండు సందుల అవతలే ఉంది. ఆ పేరు ఎందుకు చెప్పలేకపోయిందో నాకు తెలుసు. అందులో నా పాత్ర ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆవిడ పోయిన ఆ ఆసుపత్రిలోనే ముప్పై ఏళ్ళు ఆయాగా పనిచేసింది. భర్త వర్క్‌షాప్‌లో ఫిట్టరు. పిల్లలు లేరు. నాకు పదేళ్ళప్పుడు పచ్చకామెర్లు వచ్చి వార్డులో పడి ఉంటే, రోజూ పొద్దున్నే వచ్చి మంచాల కింద చెదిరిన చెప్పులన్నీ జత చేసి గుమ్మం వైపు తిప్పి పెట్టేది. ఎందుకత్తా అని అడిగితే, "ఇలాగ పెడితే మనిషి బేగి ఇంటికెల్తాడు" అంది. కొత్తగా వచ్చిన నర్సులెవరైనా రోగుల్ని బెడ్ నంబరుతో పిలిస్తే ఊరుకునేది కాదు. "పేరెట్టి పిలవండమ్మా. పడుకున్నంత మాత్రాన మనిషి నంబరైపోతాడేటి?" మా బెంగాలీ రైల్వే ఊళ్ళో వినపడే తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా, నాలుగు భాషల్లోనూ ఇదే మాట చెప్పగలిగేది.

భార్యాభర్తలిద్దరూ చాలాకాలం క్రితం ఊళ్ళోనే మలంచా పేటలో రెండు గదుల ఇల్లు కొన్నారు. డబ్బు చాలకపోతే ఆయన చెల్లెలు తన గాజులు తీసి ఇచ్చింది. ఇల్లు అత్త పేరు మీద రాయించారు. ఎప్పుడమ్మినా సగం చెల్లెలిదని నోటిమాటగా అనుకున్నారు. ఆయన పోయాక, తన ఉద్యోగం కూడా అయిపోయాక, ఒక్కదాన్నీ ఆ ఇంట్లో ఉండలేనని అత్త దాన్ని అమ్మేసింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పాత రైల్వే క్వార్టర్లను ఆనుకుని ఉన్న మా సందులో గది అద్దెకు తీసుకుంది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆడపడుచు రిజిస్ట్రేషన్‌కు రాలేకపోయింది. పద్నాలుగు లక్షలకు అమ్మి, ఆ వారంలోనే ఏడు ఆమె చేతిలో పెట్టింది అత్త.

"లెక్క సూసుకో అమ్మీ."

"నువ్విచ్చినదానికి లెక్కేటి వదినా!"

నేను అక్కడే ఉన్నాను, విన్నాను. ఆదివారం ఆదివారం ఇద్దరూ గోల్‌బజార్‌కు వెళ్ళి ఒక్క చేప కొని పంచుకునేవారు. తలకాయ ఎవరిదన్న దాని మీద ఇంటికి వచ్చేదాకా దెబ్బలాడుకునేవారు.

ఇక నేను చేసిన పని. గోల్‌బజార్‌లో నాకు చిన్న జిరాక్సు, ఇంటర్నెట్ కొట్టు ఉంది. మలంచాలో ఇల్లు కొందామన్న ఆశతో, అత్త అమ్మిన ఇంటి వీధిలో ఇళ్ళు ఎంతకు పోతున్నాయో చూద్దామని ఒకరోజు ఫీజు కట్టి ప్రభుత్వ రికార్డు వెతికాను. అత్త ఇల్లు అమ్మి ఏడాదిన్నర దాటింది. ఆ అమ్మకం అప్పుడే కంప్యూటర్లోకి ఎక్కినట్టుంది. ధర దగ్గర ఇరవై ఆరు లక్షలని ఉంది. అదే సమయానికి ఆడపడుచు ఏదో కార్డు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చి బల్ల ముందు నిలబడి ఉంది.

"పిన్నీ, అత్త ఇల్లు మంచి రేటుకే పోయిందే. ఇరవై ఆరు!" అన్నాను.

నిజానికి సంతోషంగానే అన్నాను. నాకప్పుడు పద్నాలుగన్న సంగతే గుర్తు లేదు. ఆమె తెర వైపు వంగి, ఆ అంకె మీద వేలు పెట్టి, "మళ్ళీ సదువు" అంది. చదివాను.

సాయంత్రం ఆమె అత్త గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇల్లు ఎంతకమ్మినావు వదినా?"

"సెప్పినాను గదా. పద్నాలుగు."

"గవర్నమెంటు కాగితంలో ఇరవయ్యారుంది."

అత్త నవ్వేసింది. "ఎవడో తప్పు కొట్టుంటాడు."

"కొన్నోడు స్టాంపు కర్సు మిగల్చుకోడానికి దస్తావేజులో తగ్గించి రాయిస్తాడు. లోకమంతా అంతే. ఉన్నదానికన్నా పెంచి ఎవడు రాయిస్తాడు? సెప్పు!"

అత్త నవ్వు ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూసింది.

కొన్నవాళ్ళ అసలు దస్తావేజు బ్యాంకులో తాకట్టులో ఉంది. బతిమాలితే వాళ్ళు జిరాక్సు ఇచ్చారు. అందులో పద్నాలుగని స్పష్టంగా ఉంది. అత్త ఆ కాగితం పట్టుకుని వెళితే ఆడపడుచు చేతిలోకి కూడా తీసుకోలేదు. "జిరాక్సే గదా. కొట్టు ఎవరిదో నాకు తెల్దా?" అంది. నేనే వెళ్ళి చెబుతానని వెళ్ళాను. నన్ను చూసి ఆమె, "నువ్వే గదా నాయనా సదివి సెప్పినావు. అబద్దం అప్పుడు సెప్పినావా, ఇప్పుడు సెప్తన్నావా?" అంది. ఆ ఆదివారం నుంచి అత్త బజారుకు ఒక్కతే వెళ్ళింది. కొన్నాళ్ళకు వెళ్ళడమే మానేసింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో అసలు సంగతి తేలడానికే నాలుగు నెలలు పట్టింది. అదే వీధిలో అదేరోజు ఇంకో ఇల్లు కూడా రిజిస్టరైంది. ఎక్కించినవాళ్ళు రెండిళ్ళ ధరలూ తారుమారు చేశారు. తప్పేనని అందరూ ఒప్పుకున్నారు. కానీ ఒకటి సరిచేస్తే రెండోదీ సరిచేయాలి. ఆ రెండో ఇంటివాళ్ళు సంతకం పెట్టేది లేదన్నారు. తమ ఇల్లు తక్కువ ధరకు పడి ఉండటం వాళ్ళకు హాయిగానే ఉంది. మొదటి అర్జీ కనబడకుండా పోయింది. రెండోది కదిలేసరికి ఆఫీసరు బదిలీ అయ్యాడు. వెళ్ళిన ప్రతిసారీ గుమస్తా, "మాషిమా, పొరెర్ మాషే ఆషున్" అనేవాడు. పై నెలలో రమ్మని. ఒకసారి అత్త బల్ల మీద చేతులానించి, "ఈ పై నెల మాట కూడా కంప్యూటర్లోకి ఎక్కిస్తావా బాబా? అందులో ఉంటేనే గదా నమ్ముతారు" అని బెంగాలీలోనే అడిగింది. అతను తల దించుకున్నాడు.

ఒళ్ళు పాడుచేసుకోకత్తా, వదిలెయ్యి అని నేనంటే ఒకే మాట చెప్పేది. "నాను దొంగనని రాసి గోడకి అంటించినట్టుందిరా. సెరిపించకుండా ఎలాగ సావను?" ఓపిక పట్టమని ఆఫీసులో ఎవరో అన్న రోజున బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. "ఓపిక మందు కాదురా, మంచం. పడుకోడానికి పనికొస్తాది, అంతే."

మూడేళ్ళకు, మొన్నటి చలికాలంలో, సరిచేసిన కాగితం చేతికొచ్చింది. సీలు, సంతకం, పద్నాలుగు. అత్త ఇస్త్రీ చీర కట్టుకుంది. ఇద్దరం ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. ఆమె ఈసారి కాగితం తీసుకుంది. కళ్ళద్దాలు పెట్టుకుని కిందిదాకా చదివింది, వెనక్కి తిప్పి చూసింది.

"మూడేళ్ళు తిరిగితే ఏ కాగితమైనా మారతాది వదినా," అంది. కోపం లేదు ఆ గొంతులో.

అత్త కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "మోకాళ్ళెలాగున్నాయి?" అని అడిగింది.

"అలాగే ఉన్నాయి."

తిరిగి వస్తుంటే ఆటోలో నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు బాధపడకు. అక్కడున్నదే సదివినావు. నీ తప్పేటి?" అంది. ఆ మాటతో నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే చాలు గదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత ఆవిడ తిండి తగ్గించేసింది. గుండెకు నీరు పట్టిందన్నారు. ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. ఎవరికైనా కబురు పెట్టనా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ కళ్ళు మూసుకుంది.

చివరకు, ఆవిడ పోయిన పొద్దున నేనే పెట్టాను. శవాన్ని గదికి తెచ్చాక ఆడపడుచు వచ్చింది గానీ లోపలికి రాలేదు. శవం లేచేదాకా ఎదుటి గోడ నీడన నిలబడే ఉంది, ఏడవలేదు. మేం బయలుదేరి మెయిన్ రోడ్డు దాకా వెళ్ళాక ఆసుపత్రి చీటీ అత్త గదిలో మర్చిపోయానని గుర్తొచ్చింది. శ్మశానంలో అది లేకపోతే కుదరదు. నేనొక్కణ్ణే వెనక్కి పరుగెత్తాను.

శవం వెళ్ళాక ఇల్లు కడుగుతారు మా వాళ్ళు. అత్త గది కడుగుతున్నది ఆడపడుచు. చీర కుచ్చెళ్ళు దోపుకుని, వంగని మోకాళ్ళ మీద కూలబడి, చీపురుతో నేలను రుద్దుతూ ఉంది. పక్కింటి ఆడవాళ్ళు, "సాలమ్మా, శుభ్రమైపోయింది. లెగు," అంటున్నారు. ఆమె తలెత్తలేదు. చీటీ తీసుకుందామని నేను గుమ్మం దగ్గర నిలబడితే నా కాళ్ళ పక్కనుంచే నీళ్ళు తోసింది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు.

"ఇంకో బాల్చీ తెండి," అంది ఎవరితోనో.

తెచ్చారు. నీళ్ళు గడప దాటి, మెట్టు దిగి, సందులోకి పారుతూనే ఉన్నాయి.