ఒకే కాగితం, రెండు చీటీలు

దయ్యాల విషయంలో నా లెక్క ఎప్పుడూ సున్నాయే. ఇరవై ఆరేళ్లుగా బొగ్గుగని ల్యాంపు రూములో, లోపలికి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చి తిరిగి తీసుకునే పని చేస్తున్నాను. షిఫ్టుకు ఎన్ని దీపాలు లోపలికి పోతే అన్నీ తిరిగి రావాలి. ఒకటి తగ్గిందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. కూడికలు, తీసివేతలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. లెక్కకు అందనిదాన్ని నమ్మే అలవాటు లేదు.

మొన్న వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ల సందులో స్కూటర్ తిప్పుతుంటే, హ్యాండిల్ ఒక తెల్ల కారు వెనక తలుపుకు గీసుకుపోయింది. టేపు తెచ్చి కొలిచాను. తొమ్మిది అంగుళాల గీత. కారు ఎవరిదో తెలియదు. చూసినవాళ్లు కూడా లేరు.

జేబులోని చిన్న నోటుబుక్కులోంచి కాగితం చించి, ‘ఈ గీత నా వల్ల పడింది, ఖర్చు ఇస్తాను’ అని రాశాను. కింద గనిలో నాకిచ్చిన టోకెన్ నంబర్ వేసి వైపర్ కింద పెట్టాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వింది. “పేరు రాయలే, ఫోన్ నంబర్ రాయలే, టోకెన్ నంబర్ రాసినవా? బొగ్గుబాయిల దిగేటోళ్లకు తప్ప గది ఎవలకు తెలుస్తది? లెక్కల మనిషివి, గింత సోయి లేదా?”

నిజమే. ఇన్నేళ్లూ ఏ కాగితం మీదైనా పేరుకు బదులు అదే వేస్తూ వచ్చాను. పరుగున వెళ్లాను. కారు లేదు.

సోమవారం మొదటి షిఫ్టు ముగిసింది. 212 దీపాలు పోయాయి, 212 వచ్చాయి. రిజిస్టర్ మూశాక కిటికీ దగ్గరికి ఒకాయన వచ్చాడు. తలకు హెల్మెట్, ముఖం నిండా బొగ్గు. నా చీటీ చేతికిచ్చాడు.

“కారు గీత పైసలు. పదహారు వందల నలభై.”

“గంత కచ్చితంగ ఎట్ల చెప్తున్నవ్ అన్నా?”

ఆయన చెయ్యి చాచాడు. అనుమానం వచ్చింది. కానీ చీటీ నాదే, రాత నాదే. రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. అదే నాకు నచ్చలేదు.

వెళ్తుంటే ఆయన హెల్మెట్ మీద దీపం వెలుగుతోంది. గబుక్కున దీపాలు పెట్టే అరలవైపు చూశాను. ఒక్క అరా ఖాళీగా లేదు. మళ్లీ కిటికీలోంచి చూస్తే ఆయన లేడు.

సాయంత్రం మంథని నుంచి ఒక బడిపంతులు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తెల్ల కారు ఆయనదే. ఆదివారం మా సందులోనే ఉండే అక్క ఇంటికి వచ్చి వెళ్లాడట.

“చీటీ మీద నంబర్ ఏందో సమజ్ కాలే అన్నా. మా బావను అడిగితే మీ బాయి టోకెన్ అన్నడు. గంట కిందనే పెయింటర్‌కు చూపిచ్చిన. పదహారు వందల నలభై అన్నడు.”

“మనిషిని పంపి తీస్కున్నరు గద సారూ!”

“నేనెవల్నీ పంపలే. చీటీ నా జేబుల్నే ఉంది” అంటూ తీశాడు.

నా చెయ్యి నా జేబులోకి పోయింది. నా దగ్గరా ఉంది.

ఈయనా, ఆ హెల్మెట్ మనిషీ కలిసి ఆడుతున్న నాటకం అనుకున్నాను. పంతులు మాత్రం నన్నే అనుమానంగా చూశాడు. “ఇయ్యబుద్ధి కాకపోతే చీటీ ఎందుకు పెట్టిండ్రన్నా?” సందులో నలుగురు వింటున్నారు. లెక్క తప్పడన్న నా పేరు ఆ ఒక్క మాటతో పోయేలా ఉంది.

నోటుబుక్కు తెచ్చాను. చించిన కాగితం మొదలు ఇంకా కుట్టును పట్టుకునే ఉంది. ఆయన చీటీ దాని పక్కన పెట్టాను. అంచుకు అంచు సరిపోయింది. దొంగచీటీ నా దగ్గరిదేనని తేలిందనుకుని అదీ పెట్టాను. అదీ సరిపోయింది, ఒక్క పోగు తేడా లేకుండా.

పంతులు ముఖం మారింది. “పైసలు వద్దులే అన్నా” అని లేచాడు. నేను ఒప్పుకోలేదు. ఎవరు వచ్చి తీసుకుపోయినా, గీత పడింది ఆయన కారుకు. మళ్లీ పదహారు వందల నలభై ఇచ్చి, ఆయన చీటీ వెనక సంతకం చేయించుకుని దాచాను.

రెండు చీటీలూ నా పెట్టెలోనే ఉన్నాయి. ఆ షిఫ్టు లెక్క ఎన్నిసార్లు తిరగేసినా 212, 212. దీపం తగ్గితే ఏం చెయ్యాలో నాకు తెలుసు, లోపలికి మనుషుల్ని పంపాలి. లెక్కలో లేని దీపం ఒకటి వెలిగితే ఏం చెయ్యాలో మాత్రం ఇప్పటికీ తెలియదు.