మంద కంటే ముందు బస్సులో

లింగాల కాటమయ్యకు గుండెపోటు వచ్చింది కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో. ఎద మీద బండ పెట్టినట్టయింది, చెమటలు కారాయి. ఆయాసమంటూ ఆస్పత్రికి పోతే కరోనా వార్డులో వేస్తారని, పోయినవాళ్ళు తిరిగి రావడం లేదని ఊరంతా భయపడుతున్న రోజులు. కడుపు ఉబ్బిన గొర్రెలకు వాతలు పెట్టి బతికించిన చేయి అతనిది. తనకూ అదే చాలనుకున్నాడు. కొడవలి కాల్చి ఎద మీద పెట్టమన్నాడు. భార్య రామసుబ్బమ్మ ఏడుస్తూనే పెట్టింది. నొప్పి కాస్త సర్దుకున్నట్టు అనిపించి ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయారు. మర్నాడు పులివెందులకు, అక్కడి నుంచి ప్రొద్దుటూరుకు చేరేసరికి గుండెలో ఒక పక్క కండ చచ్చిపోయింది. స్టెంటు వేసి ప్రాణం నిలబెట్టారు. పోయిన కండ మాత్రం తిరిగి రాలేదు.

అప్పటి నుంచి అతని గొర్రెల మంద ఊరి చుట్టే తిరిగింది. ఇప్పుడు అక్కడి బీళ్ళన్నీ అరటితోటలు, చీనీతోటలు అయ్యి మేతకు చోటు లేదు. శనగ కోతలయ్యాక జమ్మలమడుగు వైపు పోవాలి, లేదా గొర్రెలను అమ్మేయాలి. అక్కడ కోసేసిన చేలలో రాత్రిళ్ళు మందను పండబెడితే, ఎరువుకు బదులుగా రైతులు గింజలిస్తారు. కాటమయ్య చిన్నప్పటి నుంచీ నడిచిన దారి అది.

ప్రొద్దుటూరులో మందులు రాస్తూ డాక్టరు స్వర్ణలత అడిగింది.

"ఎంత దూరం నడవగలుగుతున్నావు, కాటమయ్యా?"

"శానా నడుస్తానమ్మా. జమ్మలమడుగు దాకా నడుస్తా."

"అబద్ధమమ్మా," అంది రామసుబ్బమ్మ. "దొడ్డి కాడికి పోయేలోపలే కూలబడతాడు. ఈయప్ప కంటే నిన్న పుట్టిన గొర్రెపిల్ల నయం."

"నిన్నెవరడిగినారు మే?"

"ఎవరూ అడగరనే చెప్తాండా."

డాక్టరు నవ్వాపుకుంది. "ఆ ఏడాది భయపడి ఆలస్యంగా వచ్చినవాళ్ళు నా దగ్గరికి ఇంకా వస్తూనే ఉన్నారు. చాలామందికి ఇదే ఆయాసం. మందులు మానకుంటే బాగానే ఉంటావు. మందతో నడక మాత్రం వద్దు."

బస్టాండులో కాటమయ్య బెంచీ మీద కూర్చున్నాడు. "గొర్లను అమ్మేద్దాంలే," అన్నాడు.

"ఆ పొద్దు నువ్వు చెప్పినావని వాత పెట్టినా."

"పెట్టమనింది నేనే గదా. ఇంకా ఏందికి దాన్ని తవ్వుతావు?"

"ఈసారి నువ్వు చెప్పింది ఇననని చెప్పేకి. నేనూ మా తమ్ముడూ గొర్రెలతో నడుస్తాం. నువ్వు బస్సులో ముందు పోయి రైతులతో మాట్లాడు మామా. ఆ మాటలు మాకు రావు."

"గొర్లోడు బస్సులో పోతే నలుగురూ నగరా?"

"నగనీలే. టికెట్టు వాళ్ళు తీస్తాండారా?"

శనగ కోతలయ్యాక, మంద ఊరి నుంచి బయల్దేరిన కొన్ని రోజులకు, జమ్మలమడుగు దగ్గర మొదటి చేనుకు కాటమయ్య బస్సులో మధ్యాహ్నానికే చేరాడు. రైతుతో మాట్లాడాడు. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాడు. పొద్దు వాలేటప్పుడు మంద వచ్చింది. అతని గొంతు విని ముందున్న గొర్రెలు ఉరికొచ్చి చుట్టూ మూగాయి. రామసుబ్బమ్మ భుజం మీది గొర్రెపిల్లను దించి, చట్టి మూత తీసింది.

"రాగిసంగటి యాడ?"

"కెలికేకి ఊపిరి చాల్లా. అన్నం వండినా."

నోట్లో ఒక ముద్ద పెట్టుకుంది. "ఉప్పే లేదే!"

"డాక్టరమ్మ వద్దనింది గదా."

"నీకు వద్దనింది. నాక్కాదు." ఉప్పు చల్లుకుని తింటూ అతని ముఖం చూసింది. ఆయాసం లేదు. "రేపటి చేను కాడ ఎసరు మాత్రం పెట్టు. సంగటి నేనొచ్చి కెలుకుతా."

"నువ్వెప్పుడొస్తావని పెట్టేది?"

"దారెంబడి చూస్తాండు. మా దుమ్ము కనపడినాక పెట్టు."