విమానం ఎగరేసిన మిరపకాయలు

మాది నందిగామ. మావారు విమానం విడిభాగాల కిట్టు తెప్పించి, రెండేళ్లు శ్రమపడి మా షెడ్డులోనే బుల్లి విమానం బిగించారు. పక్కింటి పిన్నిగారు మాత్రం "అదెక్కడ ఎగురుద్దమ్మా!" అని రోజూ నవ్వేవారు.

తొలిసారి ఇంజను స్టార్ట్ చేసే రోజు, విమానాన్ని షెడ్డు బయటికి తెచ్చాక, అత్తయ్య కొత్త బండికి చేసినట్టే బొట్లు పెట్టి, మూడు చక్రాల కింద నిమ్మకాయలుంచి కొబ్బరికాయ కొట్టారు. విమానం కదలకుండా తోకను వేపచెట్టుకు కట్టి మావారు స్విచ్ నొక్కారు. వెనకాల పిన్నిగారు ఆరబోసుకున్న ఎండుమిర్చి సంగతి పూజ హడావిడిలో అందరం మరిచిపోయాం! విమానం ముక్కున తిరిగే ఫ్యాను గాలికి మిరపకాయలన్నీ లేచి వాళ్ల డాబా మీద పడ్డాయి. వీధంతా ఒకటే తుమ్ములు.

పిన్నిగారు పరుగున రాగానే తిట్లు తప్పవనుకున్నాను. ఆవిడ తుమ్మి, కళ్లు తుడుచుకుని, "నా మిరపకాయల్నే ఎగరేసింది, మీ ఆయన్ని ఎగరేయదా అమ్మాయ్!" అని పకపకా నవ్వేశారు.

అందరం డాబా ఎక్కి మిరపకాయలు ఏరాం. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తుమ్మూ నవ్వూ కలిసే వస్తాయి.