పేరులేని సీసాలు

ఆసుపత్రి వెనక గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చునే ఆవిడను అందరూ అతుకులక్క అంటారు. పోయినవాళ్లు దానమిచ్చిన కంటి నుంచి తీసి మార్చిన కార్నియా, అదే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, కొత్త కంట్లో ఎలా అతుక్కుందో, గాయం ఎలా మానిందో చూడటం ఆవిడ పని. బాగా మానినవి కళ్లలోనే ఉండిపోతాయి. పాడయ్యాయని తీసేసినవే సీసాల్లో ఆవిడ బల్ల మీదికి వస్తాయి. వాటిని మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పలుచగా కోసి, రంగు అద్ది, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చూస్తుంది. "అతుకు బాగానే ఉంది. పొరే మసకబారింది" అని గోడకి చెప్పినట్టు చెప్పి, చల్లారిన టీ తాగేస్తుంది.

భర్త పోయిన రోజు ఆయన కళ్లు ఇవ్వడానికి సంతకం పెట్టింది ఆవిడే. తన బల్ల మీదికి ఎలాంటివి వస్తాయో ఒకసారి అత్తగారి దగ్గర నోరు జారింది. అప్పటినుంచి సాయంత్రం కోడలు చెప్పులు విడవకముందే ముసలావిడ గుమ్మంలో నిలబడి అడుగుతుంది.

"మనవాడి కళ్లు రాలేదు కదమ్మా?"

"రాలేదత్తయ్యా."

"హమ్మయ్య. ఎక్కడో చూస్తూనే ఉన్నాడన్నమాట" అంటూ అత్తగారు లోపలికెళ్లి అన్నం వడ్డిస్తుంది.

ఇవాళ రెండు వచ్చాయి. సీసాల మీద ఇచ్చినవాళ్ల పేర్లుండవు. ఆ ముక్క మాత్రం కోడలు ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు.