ఎలుక కొరకని శాలువా

మా చేనేత సంఘం వాళ్లు వేసిన చిన్న పుస్తకంలో నా గురించి ఒక పేజీ ఉంది. ధర్మవరంలో మూడేళ్లుగా మేము నేయిస్తున్న "కార్తీకం చీర" రంగులు నాకు వేరుశనగ చేను గట్టు మీద నడుస్తుండగా తోచాయని అందులో రాశారు. వాళ్లకు ఆ మాట చెప్పింది నేనే. అది అబద్ధం. ఆ రంగులు మా అక్కవి. ఆమె అల్లిన ఒక ఊలు శాలువా నుంచి తీసుకున్నాను. తీసుకునేటప్పుడు శాలువాను పాడుచేశాను. ఆ తప్పు దాచడానికి ఇంకో అబద్ధం ఆడాను. ఆ రెండో అబద్ధం బరువు నా భార్య మోసింది. ఇదంతా ఎక్కడో ఒకచోట సరిగ్గా రాసి పెట్టాలి.

అక్క నాకంటే ఏడేళ్లు పెద్ద. నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే ఆమె పక్కన రాట్నం మీద పట్టుదారం కండెలకు చుట్టేది. నేను పసివాణ్ణి. నన్ను చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని చుట్టేదట. నేను ఏడిస్తే మోకాళ్లు ఊపేదట గానీ రాట్నం ఆపేది కాదట. అక్కను పుట్టపర్తిలో ఇచ్చాం. బావకు ఊరి బయట నాలుగెకరాల మెట్ట, ఊళ్లో నాలుగు అద్దె గదులు ఉన్నాయి. అత్తగారింట్లో మగ్గం లేదు. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం అక్కకు రాదు. పెళ్లయిన కొత్తలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఎవరూ అడగకుండానే రాట్నం దగ్గర కూర్చునేది.

ఊలు అల్లడం ఆమెకు నేర్పింది ఆ అద్దె గదుల్లో ప్రతి చలికాలం దిగే ఒక విదేశీ పెద్దావిడ. అక్క ఆమెను అవ్వా అని పిలిచేది. అవ్వకు తెలుగు రాదు, అక్కకు ఇంగ్లీషు రాదు. గది ముందు మెట్ల మీద ఇద్దరూ కూర్చునేవాళ్లు. అక్క కుట్టు తప్పితే అవ్వ సూదితో ఆమె వేలి మీద చిన్నగా కొట్టేదట.

"నాయన కొట్టినట్లే కొడ్తాదిరా. నొప్పి ఉండదు, సిగ్గయితాది" అనేది అక్క.

రెండు సూదుల అల్లిక వచ్చాక కొక్కెం సూదితో క్రోషియా కూడా నేర్చుకుంది. అవ్వ వాళ్ల దేశంలో చలికాలానికి ముందు చెట్ల ఆకులన్నీ ఎర్రగా, పసుపుగా మారి రాలతాయట. ఆ కాలాన్నే ఆమె అల్లేది. ఐదు కొసలున్న ఎర్రటి ఆకులు, గుమ్మడికాయలు, ఉడుతలు. అక్క వాటిని చూసి అచ్చంగా అలాగే అల్లి టోపీలు, మఫ్లర్లు చేసి మా బంధువులందరికీ పంచింది. ఎవరింట్లో బిడ్డ పుట్టినా మొదటి స్వెట్టర్ అక్కదే.

ఒకసారి నేను ఆట పట్టించాను. "ఈ ఆకు మన సీమలో యాడుండాదక్కా? వేపాకుకు ఐదు కొసలు ఎప్పుడొచ్చినాయి?"

ఆమెకు కోపం రాలేదు. టోపీని తిప్పి చూసుకుంది. "యాడా లేదురా. అందుకే ఎంత అల్లినా నాకే పరాయిదిగా ఉండాది" అంది.

మరుసటి ఏడు కార్తీకంలో నేను పుట్టపర్తి వెళ్లినప్పుడు ఆమె ఒడిలో ఆ శాలువా ఉంది. పచ్చ, పసుపు, గోధుమ, నలుపు చారలు జానెడు మేర సాగి, మళ్లీ మొదటికి వస్తున్నాయి. అంచు చుట్టూ ఎర్రమట్టి రంగు దారంతో క్రోషియా చేసిన చిన్న చిన్న వేరుశనగ కాయలు వేలాడుతున్నాయి. కాయకు నడుమ నొక్కు కూడా ఉంది. ఒకటి పట్టుకుని వలవబోయాను.

"తినకురా, చేతికి రెండు దినాలు పట్టిన కాయలు అవి" అంది. "ఇది మన ఆకు రాలే కాలం. చేన్లో చెనిక్కాయ చెట్లు పీకి కుప్పలేస్తాం కదా, అవి ఎండే రంగులు. దినామూ పోయి చూసి వచ్చి అల్లినా. అవ్వ వస్తే చూపియ్యల్ల. ఇన్నేండ్లు ఆమెది నేను చూసినా, ఇప్పుడు నాది ఆమె చూడల్ల."

నలభై ఏళ్లుగా పట్టు మధ్య బతుకుతున్నవాణ్ణి. ఆ శాలువాను గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకెళ్లి పట్టుకోగానే నాకు చీర కనిపించింది. రెండు రోజుల్లో తెచ్చిస్తానని అడిగాను. అక్క ఒక్క క్షణం ఆలోచించి, పాత దుప్పటిలో చుట్టి ఇచ్చింది.

మా వ్యాపారంలో రంగును ఫోన్‌లో ఫొటో చూసి నమ్మం. దారం కావాలి. రంగులద్దే ఆయన దారాన్ని ఎండలో చూసి, తడిపి చూసి, అప్పుడు రంగు కలుపుతాడు. నచ్చిన చీర కనిపిస్తే లోపలి కొంగు మూల నుంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క కత్తిరించి తీసుకెళ్లడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. నేసిన బట్టకు కత్తెర పడితే ఓ రెండు పోగులు ఊడతాయి, అంతే. నా భార్య కుట్టుపెట్టె లోంచి కత్తెర తీసుకుని, శాలువా మూల నుంచి జానెడు పొడవున, అన్ని చారలూ వచ్చేలా ఒక ముక్క కత్తిరించాను. మడిచి లోపల కుట్టేస్తే అక్కకు తెలియదనుకున్నాను. అల్లిన బట్టకు పడుగూ పేకా ఉండవని, అంతా ఒకే దారం ఒకదాంట్లో ఒకటి దూరి నిలబడి ఉంటుందని, నేతగాడి కొడుకునై ఉండీ నాకు ఆలోచన రాలేదు.

ముక్కను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని స్కూటర్ మీద రంగులద్దే ఆయన దగ్గరకు వెళ్లాను. విప్పితే కాగితంలో దారం తుంపులు ఉన్నాయి. వేలెడు వేలెడు తుంపులు, నాలుగు రంగులవి, ఒకదానితో ఒకటి కలిసిపోయి.

"ఏమన్నా, ముక్క తెస్తానని పిచ్చుక గూడు తెచ్చినావు" అని ఆయన నవ్వాడు. రంగులు మాత్రం పనికొస్తాయన్నాడు.

ఇంటికి పరుగెత్తుకొచ్చాను. శాలువా మూల దగ్గర కుట్లు ఒకదాని వెంట ఒకటి జారి పెద్ద నోరు తెరుచుకుని ఉంది. పట్టుకుంటే ఇంకా జారుతోంది. చీరలకు ఫాల్స్ కుట్టే ఆయన దగ్గరకు తీసుకెళ్లి, ఊడిన అంచు కోసేయించి, మెషిన్ మీద జిగ్‌జాగ్ కుట్టించాను. ఆ మూల ముడుచుకుపోయి, ఒక పక్క అంచు కాయలు పోయి, కాలిన తోలులా తయారైంది. మళ్లీ చూడబుద్ధి కాలేదు. చుట్టచుట్టి మరుసటి రోజే అక్క చేతిలో పెట్టాను.

"ఇంట్లో ఎలుక కొరికిందక్కా. చినిగింది కోసి కుట్టిచ్చినా" అన్నాను.

ఆమె ఆ మూలను ఒళ్లో పరుచుకుని అరచేత్తో చాలాసార్లు సాపు చేసింది. సాపు కాలేదు. "మీ ఇంట్ల ఎలకలుండాయా?" అని మాత్రం అడిగింది.

ఆ చలికాలం అవ్వ వచ్చి వెళ్లింది. శాలువా పెట్టె అడుగునే ఉందట, తీసి చూపించలేదు. ఆ తరువాత అవ్వ రాలేదు.

నా దగ్గర రంగులు ఉన్నాయి గానీ, తుంపుల్లో వాటి వరుస పోయింది; శాలువాలో ఏది కింద, ఏది పైన ఉండేదో గుర్తు లేదు. అక్కను అడిగే ముఖం లేక నాకు తోచినట్లు పెట్టించాను. నలుపు అంచు మీద మొదలుపెట్టి, గోధుమ, పసుపు, పైన పచ్చ. మొదటి చీర మగ్గం దిగగానే అంగళ్ల వాళ్లు ఎగబడి తీసుకున్నారు. ఆ ఏడు సంఘం వాళ్లు నన్ను వేదిక మీద కూర్చోబెట్టి, ఈ రంగులు ఎలా తట్టాయని అడిగారు. చేను గట్టు కథ అప్పుడు చెప్పాను. నోరు దానంతట అదే చెప్పింది.

ఇంట్లో జరుగుతున్నది నేను చాలాకాలం పట్టించుకోలేదు. అక్క మా ఇంటికి వస్తే అల్లిక సంచి తేవడం మానేసింది. వచ్చిన ప్రతిసారీ నా భార్యతో ఏదో ఒక మాట. "ఒక పిల్లినన్నా సాక్కోకూడదామ్మీ?" "బియ్యం డబ్బా మూత సరిగ్గా పెడ్తాండావా?" ఒకసారి కదిరి సంతలో కొన్నానని ఎలుకల బోను తెచ్చి ఇచ్చింది. నా భార్య తీసుకుని, సరే వదినా అంది. రోజుకు రెండుసార్లు ఇల్లు తుడిచే మనిషి. ఆ ఇంట్లో ఎలుక లేదని ఆమెకు తెలుసు. కత్తెరకు చుట్టుకున్న ఊలు పోగులు ఆ రోజే చూసిందని నాకు తెలుసు. అయినా ఆ సంగతి ఎత్తలేదు. అది నాకు సౌకర్యంగా ఉండింది.

పోయిన ఆశ్వయుజంలో మా అమ్మాయికి కూతురు పుట్టింది. మా ఇంట్లో మొదటి మనవరాలు. అక్క బిడ్డను చూడటానికి వచ్చి, సంచిలోంచి స్వెట్టర్ తీసి ఇచ్చింది. అంగట్లో కొన్నది. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. "చేత్తో అల్లినదియ్యల్లంటే భయమైతాదమ్మీ. మీ ఇంట్ల నిలవదు" అంది.

అక్క బస్సెక్కాక నా భార్య ఆ కవరు తెచ్చి నా ముందు పెట్టింది.

"మూడేండ్లుగా ఎలకలింటిదాన్ని అనిపించుకుంటాండా" అంది. "మీ అక్కతో మీరే చెప్తారని ఊరుకున్నా. నేను చెప్తే మొగుణ్ణి దొంగ అన్నట్లయితాది. ఇంక నా చేత కాదు. మీరు చెప్తారా, నేను ఆ బోను పట్టుకోని పుట్టపర్తి పోయేదా?"

మరుసటి రోజు ఉదయం బస్సుకే వెళ్లాను. అక్క చేలో ఉందన్నాడు బావ. నేను వెళ్లేసరికి ఆమె కుప్ప పక్కన కూర్చుని చెట్ల నుంచి కాయ దూస్తోంది. ఎదురుగా కూర్చుని నేను కూడా దూస్తూ చెప్పాను. కత్తెర సంగతి, కాగితంలో తుంపులు, జిగ్‌జాగ్, చీర, వేదిక. ఆమె చేతులు ఆగలేదు. ఎలుక లేదు అన్నప్పుడు మాత్రం ఆగాయి.

"ఎలక లేదా?"

"లేదక్కా."

"మరి ఆ పిల్లను నేను ఇన్ని మాటలంటాంటే నువ్వు ఆడనే ఉంటివి కదరా."

ఉన్నాను. బోను ఇచ్చిన రోజు నేను పక్కనే కూర్చుని టీ తాగుతున్నాను.

అక్క చేతుల మట్టి దులుపుకుని ఫోన్ తీసింది. నా భార్యకు చేసింది. తప్పైందని అనలేదు, ఆ మాట అక్క నోట నేను ఎప్పుడూ వినలేదు. "అమ్మీ, బిడ్డ మెడ చుట్టుకొలత, చెయ్యి పొడవు తీసి చెప్పు. ఇంచుటేపుతో కాదు, బిడ్డ కదులుతాది, దారంతో తియ్యి" అంది. అవతల నా భార్య ఏమందో వినపడలేదు. తరువాత అక్క, "ఊ, ఈడనే ఉండాడు. కాయ దూస్తాండాడు. దూయనీ" అని పెట్టేసింది.

సంఘం వాళ్లకు చెప్పి పుస్తకంలో మార్పిస్తానని, ఆమె పేరు వేయిస్తానని అన్నాను. ఆమెకు అది పట్టలేదు. చీర చూపించమంది. ఫోన్‌లో ఫొటో ఉంటే చూపించాను. దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. కుప్ప మీద చెయ్యి ఆనించుకుని నవ్వింది.

"ఎత్తుకోని పోయినావు సరే, సరిగ్గా ఎత్తుకోని పోవడం గూడా చేతకాలేదా నీకు? ఇదేందిరా, ముందు వానొచ్చి కుళ్లిపోయి, ఆపైన ఎండి, ఆపైన పచ్చగైందా చెట్టు? ఇట్లా పండేదైతే మన అనంతపురంలో ఒక్కడన్నా అప్పుల పాలయ్యేవాడా?"

"అందరూ బాగుందన్నారక్కా" అన్నాను.

"అంటారు. వాళ్లు ఎప్పుడు చెట్టు పీకినారు?" కొంగుతో కళ్లు తుడుచుకుని, నా చేతిలోని చెట్టు లాక్కుని కుప్ప మీద వేసింది. "నా పేరు యాల? రాసేదైతే వరుస రాయి. అది తప్పు పోయిందని నాకు బాధ. అవ్వ చూసింటే ఒక్క చూపులో కనుక్కునేది."

ఆ శాలువా గురించి అక్క చెప్పినది చెప్పినట్లు రాస్తున్నాను. కింద నుంచి పైకి మొదటిది పచ్చ, చెట్టు పీకిన రోజుది. అది నాలుగు వేళ్ల వెడల్పు. దాని మీద పసుపు, మూడో రోజుది, అంతే వెడల్పు. ఆ పైన గోధుమ, అన్నిటికంటే పెద్దది, ఎందుకంటే కుప్ప ఎక్కువ రోజులు ఉండేది ఆ రంగులోనే. చివర నలుపు. ఆ ఏడు పీకిన చెట్ల మీద వాన పడింది. నలుపు రెండే గీతలు. వాన పడింది ఒక్క పూటే.