శరణప్ప ఇంటి పప్పు కోసం జహీరాబాద్ దాకా

మా ప్రయోగశాలలో కోడిపిల్లలు మెడలు వెనక్కి విరుచుకుని పడిపోయాయి. ఈ ప్రయాణం అక్కడ మొదలైంది. చూడటానికి కందిపప్పులా ఉండే కేసరిపప్పులోని ఒక అమైనో ఆమ్లాన్ని వాటికి సూదితో ఇచ్చాం. పక్క గంపలోని పిల్లలకు అదే ఆమ్లానికి అద్దంలో ప్రతిబింబం లాంటి రూపాన్ని, అంతే మోతాదులో ఇచ్చాం. అవి గింజలు ఏరుకుంటూ తిరిగాయి. పరమాణువులు అవే, అమరిక మాత్రం తారుమారు. కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టనట్టు. హాని సూది వల్లనో మోతాదు వల్లనో కాదు, ఆ అమరిక వల్లనే అని తేల్చడానికే ఆ రెండో గంప. ఆ పప్పు తిని కాళ్లు బిగుసుకుపోయిన మనిషి ఒకాయన న్యాల్‌కల్ దగ్గర ఉన్నాడనీ, ఇంట్లో ఇంకా కొంత పప్పు ఉందనీ జహీరాబాద్ డాక్టరు కబురు పంపారు. నమూనా తెమ్మని ప్రయోగశాలవాళ్లు నన్ను పంపారు.

హైదరాబాదులో పొద్దున్నే బస్సెక్కితే సంగారెడ్డి, సదాశివపేట మీదుగా జహీరాబాద్‌కు మూడు గంటలపైనే. టికెట్టు పన్నెండు రూపాయలు. ఆ రోజు ముసురు పట్టింది. చెరుకు లారీల వెనక బస్సు ఈడ్చుకుంటూ నడిచింది. అక్కడ న్యాల్‌కల్ బస్సు మారి, దిగాక ఎద్దుల బండి ఎక్కాను.

"కట్టెల శరణప్ప ఇంటికా?" అన్నాడు బండి తోలే ఆయన. "రెండు కాళ్లు, రెండు కట్టెలు. నాలుగున్నా మా ఎద్దు కంటె ఎన్కనే ఉంటడు."

నవ్వాలో వద్దో తెలియక గొడుగు సర్దుకున్నాను.

శరణప్ప గడప మీద కూర్చుని ఉన్నాడు. మహారాష్ట్ర వైపు ఒక ఆసామి దగ్గర రెండేళ్లు జీతానికి ఉన్నాడట. కూలి కింద ఆ పప్పే కొలిచి ఇచ్చేవారట. ఆయన భార్య నాగమ్మ డబ్బాలోంచి నా సంచిలోకి పప్పు పోస్తూ, "ఎందుకు చెల్లె గీ పప్పు?" అంది. నలుగురిలో నోరు విప్పని నేను, ఆ రోజు రెండు గంపల సంగతీ చెప్పాను.

ఆమె చెయ్యి ఆగింది. "రెండో గంపల కోడిపిల్లలు నడిచినయా?"

"నడిచాయి."

"ఇంటున్నవా?" అని భర్త వైపు తిరిగింది. "మందున్నదట! చెల్లె, జర గది ఈనకు తెచ్చియ్యి. కోడిపిల్లలకిచ్చిన్రు, మనిషికియ్యరా?"

"అది మందు కాదక్కా. అసలు ఏమీ చేయదు. ఆ పిల్లల కాళ్లు ముందునుంచీ బాగానే ఉన్నాయి. పడిపోయినవాటికి అది ఇవ్వలేదు."

"మరి నా కాళ్లు?" అన్నాడు శరణప్ప.

"ఇప్పటిదాకా మందు లేదు."

నాగమ్మ డబ్బా మూత పెట్టింది, మళ్లీ తీసింది.

"ఊకోవే," అన్నాడాయన. "కోడిపిల్లలన్న నడిచినయి గద. చెల్లెకు చాయ్ పెట్టు."

ఆ చాయ్ తాగే వచ్చాను. తిరుగు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మాకు ఆ రెండో గంప ఒక రుజువు. నాగమ్మకు అది కాసేపు భర్త నడక. ఆ ఆశను తెచ్చిందీ నేనే, వెంట తీసుకుపోయిందీ నేనే. జహీరాబాద్ నుంచి సాయంత్రం దాకా బస్సులుంటాయి, దాని గురించి దిగులు లేదు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: మందు తేలేదని గడప బయటే చెప్పండి. సంచి ఆ తర్వాత తెరవండి.